చీరపేలికల తోట

నిన్న సాయంత్రం ముంబైలో ఫాక్‌లాండ్ రోడ్డు మలుపులో ద్రాక్షపళ్ళ బండివాడు "బిన్ బీజ్, బిన్ బీజ్" అని గొంతు చించుకుంటున్నాడు. గింజల్లేని ద్రాక్ష, రండి, కొనండి అని. జనం మూగారు. నాకు మాత్రం ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నడిరోడ్డు మీద నవ్వుతూ ఏడుస్తున్న ఆడదాన్ని చూసి కామాఠీపురాలో ఎవరూ ఆగరు, అదొక్కటే నయం. మా చిన్నమ్మ ఉంటే ఆ బండివాడితో ఓ పూట కొట్లాడేది. "గింజ లేని పండు పండా? అది మూగది. దాన్నేమడుగుతవ్, అదేం చెప్తది?" అనేది.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. కిందటి వానాకాలంలో చనిపోయింది. పేరు రాయను. మేముండే వరసగదుల మేడలో, అదే మా చాళ్లో, ఆవిడను పేరుతో పిలిచినవాళ్ళు లేరు, పిలిచినా పలికేది కాదేమో. నాసిక్ అవతల ఓ గుట్ట వాలులో, వైన్ చేసే ద్రాక్ష పండించే తోటను చూసుకునేది. చూసుకోవడమంటే కావలి కాయడం కాదు. కత్తిరింపు మొదలుకొని కోత దాకా ఏ పని, ఏ వేళకు, ఎవరు చెయ్యాలో నిర్ణయించే మనిషి ఆవిడే. ఊళ్ళో చదువుకున్నవాళ్ళు దాన్ని మేనేజరు అంటారు. నేనోసారి అంటే కసిరింది. "మేనేజర్ ఏందే? నాకు కుర్సీ ఉందా, పంఖా ఉందా?"

మాది తాతల నాటి నుంచీ కట్టడం పనుల కుటుంబం. ఆ తోటలో నీళ్ళ ట్యాంకు కట్టే ముఠాతో ఇటుకలు మొయ్యడానికి వెళ్ళింది చిన్నమ్మ. ట్యాంకు లేచింది, ముఠా తిరిగొచ్చింది, ఆవిడ రాలేదు. అప్పుడే గుట్ట మీద ద్రాక్షమొక్కలు పెడుతున్నారట, గుంతలు తీసేవాళ్ళు కావాలన్నారట. అంతే, అక్కడే అతుక్కుపోయింది. గుట్ట మీది ముక్క అంతా ఆవిడ చేత్తో నాటినదే.

మా అమ్మకు ఇది బొత్తిగా గిట్టేది కాదు. తాగుడు వల్ల ఎన్ని ఇళ్ళు గుల్లయ్యాయో మా గల్లీకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? "మా చెల్లె సారా తోటల పనిచేస్తది" అని ఇరుగుపొరుగుతో మూతి విరుచుకుంటూ చెప్పేది. చిన్నమ్మ కోతలయ్యాక గుడ్డసంచీలో పళ్ళు తెచ్చేది. చిన్నచిన్న నల్ల పళ్ళు, దళసరి తోలు, నోటినిండా గింజలు. చాళ్లో పిల్లలు ఒకటి నోట్లో వేసుకుని గ్యాలరీ మీంచి కిందికి ఉమ్మేసేవాళ్ళు. అమ్మ అయితే సంచీని దేవుడి మూలకు దూరంగా పెట్టించేది. చిన్నమ్మ ఏమీ అనుకునేది కాదు. "తినెటందుకు కాదక్కా, సూసెటందుకు తెచ్చిన" అనేది. ఆవిడ కూడా చుక్క ముట్టి ఎరగదు. ఎవరన్నా అడిగితే, "చెట్టు నాది, గుత్తి నాది. సీసా వాళ్లది, నషా వాళ్లది" అని పంచేసేది.

బతుకమ్మ ఆటకు మాత్రం ఎప్పుడూ ఉండేది కాదు. గల్లీలో ఆడవాళ్ళంతా పూలు పేర్చి చుట్టూ తిరిగే రోజుల్లోనే అక్కడ అక్టోబరు కత్తిరింపు. ఛాటణీ అంటారు మరాఠీలో. పూలు పేర్చడంలో మా చాళ్లో ఆవిడంత చేయి తిరిగిన మనిషి లేదని ముసలివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏటా ఆ రోజు ఫోన్ చేసి, పాట వినిపించమనేది. నేను ఫోన్ ఎత్తి పట్టుకునేదాన్ని. అటు వైపు నుంచి చప్పట్లు కాదు, కత్తెర చప్పుడు వినిపించేది.

ఒక ఏడు నాగ్‌పాడాలో నేను బట్టలు కుట్టే కార్ఖానా మూతపడింది. ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే అమ్మకు నన్ను చూడబుద్ధి కాలేదు. "పో, మీ చిన్నమ్మ తాన వండిపెట్టు. జర గాలన్న మారుతది" అంది. సారా తోటకు నన్ను తోలింది సాక్షాత్తూ మా అమ్మే. అట్లా ఒక సీజను, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా, చిన్నమ్మ పక్కన ఉన్నాను. నేను చెప్పేదంతా ఆ కొద్ది నెలల ముచ్చట.

అది మామూలు ఏడు కాదు. తోట యజమాని ఒక పెద్దాయన, అందరూ దాదా అనేవాళ్ళు. మంచివాడే. కాని రెండేళ్ళుగా గుట్ట మీది ముక్కకు బూజు తెగులు తగిలి కాత సగానికి పడిపోయింది. వైన్ కంపెనీవాళ్ళు ఓ ఏడు కొంటామంటారు, ఓ ఏడు మొహం చాటేస్తారు. ఆయన విసిగిపోయాడు. ఆ చెట్లు పీకించేసి, బజారులో అమ్ముడుపోయే గింజల్లేని ద్రాక్ష పెట్టాలని నిర్ణయించుకున్నాడు. చిన్నమ్మ ఒక్క సీజను అడిగింది. ఫిబ్రవరి కోత చూసి చెప్తానన్నాడు ఆయన. ఆ మాటను కొంగున కట్టుకుని మనుషుల కోసం ముంబై వచ్చింది. ఏటా కత్తిరింపుకొచ్చే కూలీలను ఆ ఏడు పెద్దతోటలవాళ్ళు ముందే మాట్లాడుకుపోయారు మరి.

నాగ్‌పాడా నాకాలో పొద్దున్నే పని కోసం నిలబడే వాళ్ళ మధ్య నన్ను వెంటేసుకుని తిరిగింది. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన మనవాళ్ళు ఒక గుంపుగా నిలబడి ఉన్నారు. చిన్నమ్మ వాళ్ళ మొహాలు చూడలేదు.

"చేతులు సూపియ్యి తమ్మీ" అంది ఒకతనితో.

"చేతులెందుకక్కా, జాతకం చెప్తవా?"

"నీ జాతకం నాకెందుకు? నా జాతకమే సూస్కుంటున్న."

అతని పేరు బాలయ్య. స్లాబు పోసే ముందు ఇనుప సలాకలు పరిచి, బైండింగ్ వైరుతో ముడేసే పని వాళ్ళది. ఆ బిల్డింగు పని ఆగిపోయి ఖాళీగా ఉన్నారు. వేళ్ళు మొరటుగా ఉన్నా చురుగ్గా కదులుతున్నాయి. చిన్నమ్మకు అది చాలు. ఆ గుంపు మొత్తాన్ని నాతో కలిపి బస్సెక్కించింది.

మొదటి రోజు కత్తెరలు చేతికిచ్చాక బాలయ్య భయపడ్డాడు. పచ్చగా ఉన్న చెట్టును ఎండుపుల్లలు మిగిలేదాకా కొట్టెయ్యాలంటే ఎవరికైనా గుండె ఆగుతుంది.

"గిట్ల నరికితె బతుకుతదా అక్కా?"

చిన్నమ్మ ఒక పుల్లను పట్టుకుని, దాని మీద బొడిపెను బొటనవేలితో నిమిరింది. "ఇది కన్ను. దీంట్ల గుత్తి అప్పుడే పండుకోని ఉంది. ఎప్రిల్‌ల నేను ఓసారి కోసిన గదా, అప్పుడు లోపటికి పోయింది. ఇప్పుడు లేపుతున్నం. నరుకుడు కాదు తమ్మీ, లేపుడు."

మాకు ఎండుపుల్ల కనిపిస్తోంది, ఆవిడకు ఫిబ్రవరి నెల కనిపిస్తోంది. వరస చివర నిలబడి ఒక్కొక్క చెట్టుకూ ఇక్కడ, ఇక్కడ, దీన్నొదిలెయ్యి అని వేలితో చూపిస్తుంటే నేను నోరు తెరుచుకుని చూశాను. ఎట్లా తెలుస్తుందని అడిగితే సరిగ్గా జవాబు చెప్పేది కాదు. "మీ అమ్మకు పప్పు ఉడికింది ఎట్ల తెలుస్తది? మూత తీసి సూస్తదా?" అనేది. ఆ మాటకొస్తే మా అమ్మ మూత తీసే చూస్తుంది, అది వేరే సంగతి.

తోటలోకి దిగేముందు వరస మొదట్లో చెప్పులు విడిచేది. ఇదేదో భక్తి అనుకుని నేనూ విడిచాను, కావాలంటే దండం కూడా పెట్టేదాన్ని. భక్తీ లేదు ఏమీ లేదట. కాళ్ళకు తడి తెలవాలట. ఎక్కడ మట్టి చల్లగా తగిలితే అక్కడ ఆగి, నీళ్ళ గొట్టం మూత బిగించేది. వైన్ ద్రాక్షకు కడుపునిండా నీళ్ళు పెట్టకూడదని నాకు అప్పుడే తెలిసింది. కాస్త దాహం ఉంచాలి. దాహం వేస్తే వేరు లోపలికి పోతుంది, పండులో సారం చేరుతుంది. "మన చాళ్ల నల్లా లెక్కనే బిడ్డా. పొద్దంత నీళ్లొస్తే బిందె పట్కోని ఎవడు లేస్తడు? పొద్దుగాల జరసేపొస్తది గనకనే చాళంత హుషారుగ లేస్తది" అంది. నేను పుట్టినప్పటి నుంచీ ఆ నల్లా దగ్గర తిట్టుకుంటూ నిలబడ్డదాన్ని. అందులో ఇంత నీతి ఉందని ఎప్పుడూ అనుకోలేదు.

కళ్ళు విచ్చుకున్నాయి. పుల్లల మీద గులాబీరంగు మొనలు, ఆ తర్వాత పిడికెడంత ఆకులు. చూస్తుండగానే లేత కొమ్మలు మోచేతి పొడుగు పెరిగాయి. ఇక వాటిని స్తంభాల మధ్య లాగిన వైర్లకు ఆనించి పురికొసతో కట్టాలి. చిన్నమ్మ ఒక వరస కట్టి చూపించింది. ఇంతలో ముంబై నుంచి ఫోన్. అమ్మకు జ్వరం ఎక్కువై ఆసుపత్రిలో చేర్చారట. నేను వెళ్తానన్నాను. "నువ్వు పోతే ఈళ్లకు బువ్వెవరు పెడ్తరు? నేను అక్కను సూసొస్త" అని తనే బయలుదేరింది. అమ్మ కుదుటపడగానే తిరిగొచ్చింది.

ఆ మధ్యలో పురికొస అయిపోయింది. పనాపితే అక్క ఏమనుకుంటుందోనని బాలయ్యవాళ్ళు షెడ్డంతా వెతికారు. స్తంభాల మరమ్మతుకు తెచ్చిన బైండింగ్ వైరు చుట్ట దొరికింది. సలాకలు కట్టేవాళ్ళు ముడి బిగించే కొక్కేన్ని నడుముకు దోపుకునే తిరుగుతారు, ఊళ్ళో పెళ్ళికి పోయినా సరే. ఇంకేముంది, కొక్కేలు బయటికొచ్చాయి. అలవాటైన ముడి, అలవాటైన మెలిక. గుట్ట మీది ముక్కంతా కట్టేశారు. నిజం చెప్పొద్దూ, ఆ వరసలు చూస్తే నాకే ముచ్చటేసింది. ఒక్క కొమ్మ అటూ ఇటూ కదలడం లేదు, గీత గీసినట్టు నిలబడ్డాయి.

చిన్నమ్మ పొద్దున్నే బస్సు దిగి నేరుగా తోటలోకొచ్చింది. మొదటి ముడి దగ్గర ఆగి, కొమ్మకూ వైరుకూ మధ్య చిటికెనవేలి కొన దూర్చబోయింది. దూరలేదు. పక్క ముడి దగ్గర చూసింది. దాని పక్కది. వరస చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేసరికి ఆవిడ మొహంలో రక్తం లేదు.

"ఎవరు కట్టిండ్రు?"

"మేమే అక్కా" అన్నాడు బాలయ్య ఛాతీ విరుచుకుని. "సుతిలి ఖతమైంది, వైరు దొరికింది. గట్టిగ కట్టినం. భూకంపమొచ్చినా కదలది."

"గదే తమ్మీ" అంది చిన్నమ్మ మెల్లగా. "గదే కష్టం."

ఆ కొమ్మ రోజురోజుకూ లావెక్కేది. వైరు కోసుకుపోతుంది. అది నెమ్మది మీద జరిగే చావు. దానికన్నా ముందుది ఆకాశంలో ఉంది. పడమటి గుట్టల మీద మబ్బు దిగుతోంది, మధ్యాహ్నానికి గాలివాన అని ఫోన్లలో వస్తోంది. గాలికి ఊగే వీలున్న కొమ్మ బతుకుతుంది. ఊగలేని లేత కొమ్మ మొదలు దగ్గర టక్కున విరుగుతుంది. అది విరిగితే గుత్తీ లేదు, ఫిబ్రవరీ లేదు, గుట్ట మీది ముక్కే లేదు.

సరిగ్గా అప్పుడే దాదా మోటారుసైకిలు మీద వచ్చాడు. చూశాడు, తల పట్టుకున్నాడు. ఈ ఇనుపపని వాళ్ళను ఈ పూటే బస్సెక్కించు అన్నాడు. ఎలాగూ పీకేసేదే కదా తాయీ, ఇక దీని వెంట పడకు, నీ ఒళ్ళు నువ్వు చూసుకో అన్నాడు. తాయీ అంటే మరాఠీలో అక్క. కోపంగా అంటే బాగుండేది, జాలిగా అన్నాడు. చిన్నమ్మ మరాఠీలోనే జవాబిచ్చింది. వాళ్ళకొచ్చిన పని వాళ్ళు చేశారు దాదా, నేను పని చూపించి వెళ్ళాను గాని దాని వెనక సంగతి చెప్పలేదు. ఫిబ్రవరి దాకా మాటిచ్చావు, ఇంకా ఫిబ్రవరి రాలేదు అంది. ఆయన నీ ఇష్టమని చేతులు దులిపేసుకుని వెళ్ళిపోయాడు.

బాలయ్యవాళ్ళకు మరాఠీ రాకపోయినా సంగతి తెలిసిపోయింది. "అక్కా, మేం పోతం. మాకీ పని రాదు" అన్నాడు తల వంచుకుని.

"కూసో. చాయ్ తాగుదం" అంది చిన్నమ్మ.

మబ్బు దిగుతుంటే చాయేమిటి అనుకున్నాను నేను. అందరూ షెడ్డులో కూర్చున్నాక ఆవిడ ఎడమచెయ్యి బాలయ్య ముందు చాపింది. "నీ వైరు తీయి. నా చిటికెనవేలుకు కట్టు. సలాకకు ఎట్ల కడ్తవో గట్లనే."

"వద్దక్కా."

"కట్టంటున్న గదా."

కట్టాడు. చిన్నమ్మ ఆ చేత్తోనే గ్లాసు అందుకుని చాయ్ తాగడం మొదలుపెట్టింది. ఎవరినీ ఏమీ అడగలేదు. తర్వాత బాలయ్య తన వేలికి తనే కట్టుకున్నాడు. పక్కవాడు చెయ్యి చాపాడు, వాడి పక్కవాడు చాపాడు. నేనూ చాపాను. చాయ్ తాగుతున్నంతసేపూ గుండె వేల్లోనే కొట్టుకుంది. వేలు ఎర్రబడి, నల్లబడి, మొద్దుబారి నాది కానట్టయింది. గ్లాసులు ఖాళీ అయ్యాక "ఇగ ఇప్పుకోండ్రి" అంది. విప్పాక రక్తం తిరిగి పారుతుంటే అసలు నొప్పి అప్పుడు తెలిసింది. ఓ కుర్రాడు అమ్మా అన్నాడు.

"మీరు కట్టిన బిల్డింగు ఎదగది తమ్మీ. అందుకే గట్టిగ కడ్తరు, గట్లనే కట్టాలె. ఇది ఎదుగుతది. ఎదిగేదాన్ని గట్ల కడ్తె ఎట్ల?"

కొక్కేలు తీసుకుని పరిగెత్తారు. కట్టిన చేతులే విప్పడానికీ పనికొచ్చాయి. ఆ మెలికలు అంత వేగంగా, కొమ్మకు గీత పడకుండా ఇంకెవరు విప్పగలరు? నాకు చిన్నమ్మంటే ప్రేమ ఎప్పుడూ ఉండేది. భయంలాంటి గౌరవం మాత్రం ఆ పూట పుట్టింది.

విప్పడం సరే, మళ్ళీ కట్టడం దేనితో? పురికొస లేదు. ఊళ్ళోకి వెళ్ళి తెచ్చేలోగా వాన వచ్చేస్తుంది. చిన్నమ్మ గదిలోకి వెళ్ళి తన ట్రంకుపెట్టె ఈడ్చుకొచ్చి నా ముందు తెరిచింది. నూలు చీరలు.

"బిడ్డా, నీ చెయ్యి పడాలె" అంది.

నేను కుట్టుపనిదాన్ని. నూలుచీరకు అంచు దగ్గర చిన్న గాటు పెట్టి లాగితే నిలువునా తిన్నగా చిరుగుతుంది. చించడం మొదలుపెట్టాను. దసరాకు మా అమ్మ పెట్టిన మడత విప్పని చీర చేతిలోకి తీసుకుని చిన్నమ్మ ఒక్క క్షణం చూసింది. "అక్క కోపం చేస్తది" అని నాకందించింది. దాన్నీ చించాను. చీరలయ్యాక నా చున్నీలు, అవీ అయ్యాక బాలయ్యవాళ్ళ తువ్వాళ్ళు, లుంగీలు. ఒకతను వేసుకున్న చొక్కా విప్పుతుంటే చిన్నమ్మ నవ్వి, "నీ పెండ్లాం నన్ను తిడ్తది, ఉండనియ్యి" అంది. ప్రతి కట్టులోనూ వేలు పట్టేంత సందు వదిలారు. ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. వరసల నిండా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, బాలయ్య లుంగీ గళ్ళు.

గాలి వచ్చేసరికి ఒక మూల ఇంకా మిగిలే ఉంది. మమ్మల్ని షెడ్డులోకి తరిమి చిన్నమ్మ మాత్రం వరసలోనే నిలబడింది. వాన అడ్డంగా కొట్టింది. గుట్ట మీద కొమ్మలన్నీ పేలికలతో సహా అటూ ఇటూ ఊగిపోయాయి. ఊగాయి, విరగలేదు. వైరు విప్పని మూల నుంచి మాత్రం టక్ టక్ మని చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా బాలయ్య కళ్ళు మూసుకున్నాడు. వెలిశాక చూస్తే ఆ మూల తప్ప తోటంతా నిలబడే ఉంది. చిన్నమ్మ తడిసి ముద్దై, మొదళ్ళు తడుముకుంటూ పోతోంది. తెగ వణుకుతోంది గాని మొహం వెలిగిపోతోంది.

అంతటితో తీరిపోలేదు. వాన తర్వాత బూజు వస్తుంది. ఆకు అడుగున తెల్లగా పొడి పడితే గుత్తులు పోతాయి. వేకువనే ఆకులు తిరగేసి చూసేది, మందు కొట్టించేది, గుత్తుల చుట్టూ గాలాడేలా ఆకులు తీయించేది. కాయలు గట్టిపడ్డాక ఇంకో దారుణం చేయించింది. బాగున్న పచ్చి గుత్తులనే కోయించి కింద పారేయించింది. బాలయ్యకు ప్రాణం ఒప్పలేదు.

"కాసినదాన్ని పారేస్తరా అక్కా? పాపం గాదా?"

"ఒక ఖోలీల ఎంతమంది పండుకుంటరు తమ్మీ?"

"మా ఖోలీలనా? పక్క తిరుగాల్నంటె అందరం ఒక్కసారే తిరుగాలె."

"మరి గట్ల పండుకున్నోనికి నిద్ర పడ్తదా? వీటికన్న పట్టనియ్యి."

జనవరిలో కాయలు రంగు తిరిగాయి. ఒక్కసారిగా కాదు, గుత్తిలో ఒకటి, దాని పక్కన ఇంకొకటి. అప్పటి నుంచి చిన్నమ్మ నోరు ఊరుకోలేదు. పండు కొరికేది, రసం ఉమ్మేసేది, గింజ మాత్రం పళ్ళ మధ్య పెట్టి నమిలి ఆ చప్పుడు వినేది. మెత్తగా చేదుగా ఉంటే ఇంకా పచ్చి. కరకరలాడితే పక్వం. ఎవరన్నా మాట్లాడిస్తే ఆగమని చెయ్యెత్తేది, గింజతో మాట్లాడుతున్నానన్నట్టు. కంపెనీ నుంచి తీపి కొలిచే మీటరుతో ఒకాయన వచ్చాడు. ఆయన రేపే కొయ్యండి అన్నాడు, చిన్నమ్మ ఇంకో రెండు రోజులాగాలంది. ఇద్దరూ కలిసి వరసలన్నీ తిరిగారు, మళ్ళీ కొలిచారు, మళ్ళీ నమిలారు. చివరికి చిన్నమ్మే నవ్వేసి, "నా పంటికి వయసైంది సార్, మీ మిషినే గెలిచింది" అని ఒప్పేసుకుంది. ఓడిపోయినందుకు అంత సంబరపడే మనిషిని నేను చూడలేదు. పండు అనుకున్న దానికన్నా ముందే పక్వానికొచ్చింది మరి.

వేకువ చల్లదనంలోనే కోత. ఎండ పడకముందే క్రేట్లు నిండాలి. బాలయ్యవాళ్ళు గుత్తిని కింద అరచెయ్యి ఆనించి కోస్తున్నారు. కంపెనీ లారీ వచ్చింది, సరుకు వెనక్కి పంపలేదు. చిన్నమ్మ మాత్రం రోజురోజుకూ చిక్కిపోయింది. దాదా నోరు విప్పలేదు, ఈవిడ అడగలేదు. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికేది. పొలిమేరలో జేసీబీ చప్పుడు వినిపిస్తే చాలు, లేచి నిలబడేది. ఒకసారి నాతో అంది, "పిల్లల్లేరని నన్ను అందరు అడుగుతరు. ఎట్ల చెప్పాలె బిడ్డా, గా గుట్ట మీద ఉన్నరని?" నేను ఆవిడ కంచంలో ఇంకాస్త పప్పు వేశాను.

కడపటి క్రేట్లు ట్రాక్టరు ఎక్కిన పొద్దున దాదా వచ్చాడు. షెడ్డు దగ్గర బాలయ్యవాళ్ళు మూటలు కట్టుకుంటున్నారు. ఆయన ఒక్కడే గుట్ట ఎక్కి, ఖాళీ అయిన వరసల మధ్య చివరిదాకా నడిచాడు. ఒకచోట ఆగి, వెలిసిపోయిన పసుపు పేలికను వేలితో కదిపి చూశాడు. చిన్నమ్మ స్తంభం పక్కన నిలబడి ఉంది. నేను నీళ్ళ చెంబుతో ఆవిడ వెనక ఉన్నాను. ఆయన తిరిగొచ్చి టోపీ తీసి, మొహం తుడుచుకుని, మామూలుగా అడిగాడు.

"తాయీ, ఎప్రిల్ ఛాటణీలా కితీ మాణసం లాగతీల్?"

ఏప్రిల్ కత్తిరింపుకు ఎంతమంది కావాలి అని. పీకేసే తోటకు ఏప్రిల్‌లో కత్తిరింపు ఉండదు.

తోటలో చిన్నమ్మ గొంతు పెంచగా నేను ఎప్పుడూ వినలేదు. అటువంటి మనిషి షెడ్డు వైపు తిరిగి గుట్ట దద్దరిల్లేలా కేకేసింది.

"బాలయ్యా! ఓ బాలయ్యా! ఎప్రిల్‌ల ఇంకెవ్వనికి మాటియ్యకుండ్రి! మీరే రావాలె! కొత్తోళ్లొద్దు, మీరే!"

కింద నుంచి బాలయ్య మూట వదిలేసి, కంగారుగా తలెత్తి అరిచాడు.

"మళ్ల ఏం తప్పు చేసినం అక్కా?"

చిన్నమ్మకు నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే విరిగి ఏడుపైంది. వరస మధ్యలో మట్టిలో కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఎక్కెక్కి ఏడ్చింది. దాదాకు ఏం చెయ్యాలో తోచక, చేతిలో ఉన్న టోపీతో ఆవిడకు గాలి విసురుతూ అలాగే నిలబడ్డాడు.